పెద్ద కుంచం

మా ఊరి మ్యూజియం ఒకప్పుడు రొయ్యల మేత నిల్వ చేసిన గోడౌను. ఆ సంగతి బోర్డు మీద రాయలేదు గానీ, తలుపు తీసిన ప్రతివాళ్ళకీ ముక్కే చెబుతుంది. ఎండు చేపల పొడి, చేప నూనె, తడిసి ఆరిన గోనె సంచులు, వాటన్నిటి మీదా కొత్తగా పూసిన బంగారు రంగు ఎనామిల్. మొదటిసారి లోపలికి వెళ్ళొచ్చిన రోజు బస్సు గుడివాడ చేరేదాకా కొంగు ముక్కు దగ్గరే పట్టుకు కూర్చున్నాను. కొంగుకి కూడా ఆ వాసన పట్టేసిందని ఇంటికొచ్చాక తెలిసింది. రెండుసార్లు ఉతికితే గానీ పోలేదు.

నేను గుడివాడలో ఒక ధాన్యం కొట్టులో లెక్కలు చూస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయింది. నాకొచ్చిన లెక్కలు బడిలోవి కావు. కాటా పక్కన కూర్చుని, బస్తా ఎత్తి చూసి, తేమ ఎంతో వేలితో నొక్కి చూసి, తప్పు పోయినప్పుడల్లా ఎక్కడ పోయిందో వెనక్కి వెళ్ళి వెతుక్కుని నేర్చుకున్నవి. గుండ్రటి పాత్ర ఏది కనబడినా అందులో ఎంత పడుతుందో మనసులో కట్టుకోవడం నాకు అలవాటు. పెళ్ళి భోజనాల దగ్గర సాంబారు బకెట్టుని కూడా వదలను. ఈ పిచ్చి మా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే మ్యూజియం పెడుతున్నప్పుడు నాకు కబురొచ్చింది.

మా ఊరు దివిసీమలో, పాలకాయతిప్ప వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉంటుంది. అమ్మ అక్కడే కాలనీలో తమ్ముడి దగ్గర ఉంటుంది. కబురు పంపినాయన ఊళ్ళో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన పంతులు గారు. మ్యూజియంలో చీటీలన్నీ ఆయనే రాశారు. ఫోన్లో చాలా సంతోషంగా ఉన్నారు.

"పాత కొలతలన్నీ దొరికాయమ్మా. గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం, ఒక్కటి పోకుండా. ఏది ఎంతో పిల్లలకి తెలిసేలా ఒక కాగితం రాసిపెట్టు. నేను రాస్తే తప్పులు పోతాయి."

వెళ్ళాను. నాగలికి వార్నిష్ వేసి, దాని చుట్టూ పెళ్ళి పందిట్లో వేలాడదీసే చిన్న చిన్న రంగు బల్బులు చుట్టారు. పెడన నుంచి ఎవరో అద్దకం అచ్చులు ఇచ్చారట. టేకు చెక్క మీద చేత్తో చెక్కిన పువ్వులూ తీగలూ. వాటిని గోడకి బిగించడానికి పువ్వు నడిమధ్యలో నుంచి మేకు దిగ్గొట్టారు. ఒక అచ్చు నిలువునా చీలిపోయింది. చీలిన చోట ఫెవికాల్ కారి, గట్టిపడి, చీమిడిలాగా వేలాడుతోంది. గుమ్మం పక్కన పెద్ద రుబ్బురోలు ఉంది. చీటీ మీద 'మన అమ్మమ్మల ఆరోగ్య రహస్యం' అని రాశారు. లోపలికి తొంగి చూస్తే రెండు టీ కప్పులూ, ఒక గుట్కా పొట్లం, అడుగున ఎర్రటి ఉమ్మి. ఆ రోట్లో ఒకప్పుడు ఏ ఇంటి వాళ్ళో గారెల పిండి రుబ్బుకునే ఉంటారు.

ప్రతి వస్తువు పక్కనా ఇచ్చినవారి ఫోటో ఉంది. వస్తువు కన్నా ఫోటో పెద్దది. గిద్దె బొటనవేలంత ఉంటే దాని దాత మూరెడు ఫ్లెక్సీలో నవ్వుతున్నాడు.

కుంచాలు రెండున్నాయి. వాటిని చూసి నేను అక్కడే ఆగిపోయాను.

ఇక్కడ కుంచం గురించి కాస్త చెప్పాలి. నాలుగు గిద్దెలు సోల. పదహారు సోలలు కుంచం. ఇది పుస్తకాల్లో లెక్క. మా ఊళ్ళో పెద్ద రైతు ఇంట్లో ఇనప కుంచాలు రెండుండేవి, చిన్నదీ పెద్దదీ. కౌలుదార్లు ధాన్యం తెచ్చి పోసేటప్పుడు పెద్ద కుంచం బయటికొచ్చేది. కోత కూలి, నూర్పిడి కూలి ఇచ్చేటప్పుడు చిన్న కుంచం వచ్చేది. ఇది రహస్యమేమీ కాదు. కళ్ళంలో అందరూ చూస్తుండగానే జరిగేది. ఏ కుంచం తెస్తారో చూసి, ఆ రోజు వడ్లు లోపలికి వెళ్తాయా బయటికొస్తాయా అన్నది పిల్లలమైన మాకు కూడా తెలిసేది. అమ్మ ఆ కళ్ళంలో పెళ్ళయిన ఏటి నుంచీ, ధాన్యం బదులు డబ్బులిచ్చే రోజులొచ్చేదాకా కొంగు పట్టింది. ఎన్నిసార్లు పట్టినా చిన్న కుంచానికే పట్టింది. కూలి గురించి అమ్మ పెద్దగా మాట్లాడేది కాదు. ఒక్క మాట మాత్రం అప్పుడప్పుడూ, బియ్యం చెరుగుతూనో కూర తరుగుతూనో అనేది. "ఒక్కసారన్నా ఆ పెద్దదానితో కొలిపించుకోవాలే. ఎంతుంటదో కొంగులో చూడాలి."

మ్యూజియంలో ఉన్నవి ఆ రెండు కుంచాలే. పెద్దదాని అడుగు తుప్పు పట్టి చిల్లులు పడింది. అంచు బాగానే ఉంది. టేపు తెప్పించి వెడల్పూ లోతూ చూసుకున్నాను. మా ఇంటి సోలతో లెక్క కడితే చిన్నదాంట్లో పద్నాలుగు సోలలు పడతాయి. పెద్దదాంట్లో పదిహేడు. పదహారు పట్టే నిజమైన కుంచం ఆ ఇంట్లో ఎప్పుడూ లేనట్టే.

కాగితం రాసిచ్చాను. గిద్దె నుంచి పైకి వరసగా రాసి, చివర్లో 'ఇది ఇచ్చే కుంచం, పద్నాలుగు సోలలు. ఇది తీసుకునే కుంచం, పదిహేడు సోలలు' అని రాశాను. పంతులు గారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడే ప్రెసిడెంటు గారు వచ్చారు. ఊళ్ళో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు, మ్యూజియం కమిటీకి ప్రెసిడెంటు గనక. ఆ పెద్ద రైతు మనవడు ఆయనే. తాత వరి పండించిన పొలాలు తవ్వించి రొయ్యల చెరువులు చేశాడు. గోడౌను ఆయనదే, కుంచాలూ ఆయనవే. మనిషి మంచిగానే మాట్లాడతాడు. నా కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చాలా బాగా రాశావమ్మా. ఆ కింది రెండు లైన్లూ తీసేద్దాం. అందరూ కలిసి చేసుకునే పండగ కదా, ఇప్పుడు అవన్నీ ఎందుకు."

"లైన్లు తీసేసినా కుంచాలు అలాగే ఉంటాయి కదండీ," అన్నాను.

"ఉండనీ. జంటగా ఉంటే అందంగా ఉంటాయి."

తర్వాత ఫ్లెక్సీ మీద చూశాను. 'మన పెద్దల ధర్మ కుంచాలు (జంట)' అని ఉంది. నేను రాసిన లెక్కలో సోలకి నాలుగు గిద్దెలని ఉంటే, అందులో నలభై అని పడింది.

కాగితం ఇచ్చిన సాయంత్రమే అమ్మకి ఫోన్లో చెప్పాను, కుంచాలు రెండూ ఉన్నాయనీ, వాటికి తేడా లేనట్టు జంటగా పెట్టారనీ. చెప్పకుండా ఉండాల్సింది. పది రోజుల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మ్యూజియం ప్రారంభం రోజు కళ్ళం సీను వేస్తున్నారంట. పాతకాలం కూలోళ్ళకి వడ్లు కొలిచినట్టు. నిజంగా చేసినోళ్ళే కావాలని మన కాలనీలో నలుగురు ముసలమ్మల్ని అడిగారు. అమ్మ వస్తానంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ అమ్మకివ్వమన్నాను.

"నీకేం పనమ్మా అక్కడ? వాళ్ళ ఫోటోల కోసం మళ్ళీ కొంగు పడతావా?"

"పట్టినదాన్నే కదే. కొత్తేం ఉంది."

"అప్పుడు కూలికి పట్టావు. ఇప్పుడు ఆటకి."

"ఆటలో అయితే ఏ కుంచం ఇస్తారో ఎవరికి తెలుసు," అంది అమ్మ. "వాళ్ళకి రెంటికీ తేడా తెలవదంటున్నావు. పెద్దదే తీస్తే?"

అమ్మ వెళ్ళేది పెద్ద కుంచం కోసం. డెబ్భై దాటిన మనిషి మూడు సోలలు ఎక్కువొచ్చే వడ్ల కోసం ఆ కంపు గోడౌనులో ఆ పెద్ద రైతు మనవడి ముందు కొంగు పడుతుంది. తలుచుకుంటే అన్నం సహించలేదు. అయినా కొట్టుకి సెలవు పెట్టి వెళ్ళాను.

ఆ రోజు అమ్మ పెడనలో కొన్న పసుపు రంగు నేతచీర కట్టుకుంది. అంచు ఎర్రది. తల దువ్వుకుని, నూనె రాసుకుని, పూలు కూడా పెట్టుకుంది. తోడుగా పిన్ని వచ్చింది. పిన్ని అంటే సొంత పిన్ని కాదు, అమ్మతో కోతలకి వెళ్ళిన మనిషి. నోరు ఊరుకోదు. మరో ఇద్దరున్నారు. గోడౌను వెనక రేకుల షెడ్డు దగ్గర వీడియో తీసే అబ్బాయి వీళ్ళని చూసి తల పట్టుకున్నాడు.

"మామ్మగారూ, ఇలా వచ్చారేంటండీ? కూలోళ్ళలా ఉండాలని చెప్పాం కదా."

"మేం కూలోళ్ళమే కదా బాబూ, ఇంకెలా ఉంటాం," అంది పిన్ని.

బందరులో నాటకాల వాళ్ళకి బట్టలు అద్దెకిచ్చే కొట్టు నుంచి చీరలు తెచ్చారు. ముందే చింపి, మాసిపోయినట్టు రంగు వేసిన చీరలు. ఒక్కొక్కటీ విప్పితే ఎవరిదో చెమట వాసన, ముఖానికి వేసే పౌడరు వాసన. మెడ దగ్గర తగిలే చోట నల్లటి జిడ్డు. పిన్ని ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసి ముఖం పక్కకి తిప్పేసింది.

"ఏ రాణీగారి దాసీదో ఇది. చంక కింద మొన్నటి చెమట ఇంకా తడిగానే ఉందే. దీన్ని కట్టుకుంటే నన్ను రాజుగారు తీసుకుపోతాడేమో."

"నిన్ను తీసుకుపోతే మూడో రోజుకి తెచ్చి అప్పజెప్పేస్తాడు లేవే," అంది అమ్మ.

ఇద్దరూ నవ్వుకుంటూనే కట్టుకున్నారు. నాకు నవ్వు రాలేదు. అమ్మ విప్పిన పసుపు చీర మడత పెట్టి నా సంచిలో పెట్టుకున్నాను. అమ్మ తల్లోని పూలు కూడా తీసేయమన్నారు. తీసేసింది.

అంతటితో అయిపోలేదు. ఒక కుర్రాడు బకెట్టు పట్టుకొచ్చాడు. అందులో బురద. రొయ్యల చెరువు అడుగు నుంచి తీసింది, నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసన కొడుతూ. గోడలకి సున్నం వేసే బ్రష్షు అందులో ముంచి ఆడవాళ్ళ కాళ్ళకి పాదాల నుంచి మోకాలి కిందదాకా పూశాడు. అమ్మ మడమల పగుళ్ళలోకి ఆ బురద దిగడం చూశాను. ఆ పగుళ్ళు పొలంలో వచ్చినవే. ఏళ్ళ తరబడి వెన్న రాసుకుని మాన్పుకుంటూ వస్తోంది.

"ఏళ్ళకేళ్ళు దిగి పూసుకున్నాం బాబూ, ఇంకా సరిపోలేదా?" అంది పిన్ని.

కుర్రాడు నవ్వాడు. "కెమెరాలో పడాలి కదా మామ్మా."

"మా పొలం బురద ఇంత కంపు కొట్టేది కాదు," అంది అమ్మ. ఆ మాట మామూలుగానే అంది, నిజం గనక.

ముఖ్య అతిథిగా బందరు నుంచి ఒక అధికారి వచ్చాడు. పంతులు గారు మైకులో అరగంట మాట్లాడారు. ఆ అరగంటా నలుగురు ఆడవాళ్ళూ బురద ఎండిపోతుంటే ఎండలో నిలబడే ఉన్నారు. కూర్చుంటే బురద రాలిపోతుందని కూర్చోనివ్వలేదు. గోడౌను ముందు టార్పాలిన్ పట్టా పరిచి వడ్లు పోశారు. అవి నిరుడు మిషనుతో కోసిన వడ్లు. గోనె మీద మిల్లు ముద్ర కూడా ఉంది. దాన్ని లోపలికి మడిచారు. పక్కన బల్ల మీద రెండు కుంచాలూ ఉన్నాయి. ఈసారి వాటికి కూడా బంగారు రంగు వేశారు. పెద్దదాని చిల్లులు కనబడలేదు. బాగు చేయించినట్టున్నారనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. నా కళ్ళు అమ్మ మీదే ఉన్నాయి. అమ్మ కళ్ళు బల్ల మీద ఉన్నాయి.

ప్రెసిడెంటు గారు పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని వచ్చాడు. చెయ్యి చాపి చిన్న కుంచం తీశాడు.

అమ్మ ముఖం చూశాను. ఏమీ మారలేదు. బహుశా అదే అవుతుందని తెలిసే వచ్చిందేమో.

"సార్," అన్నాడు వీడియో అబ్బాయి, "అది ఫ్రేములో చెంబులా కనబడుతోందండీ. ఆ పెద్దది తీసుకోండి."

ఆయన చిన్నది పెట్టేసి పెద్దది తీశాడు. పిన్ని అమ్మ పక్కటెముకల్లో మోచేత్తో పొడిచింది. అమ్మ చీర చెంగు రెండు చేతులా సాచి పట్టుకుంది. ఆ పట్టడంలో ఒక పద్ధతి ఉంది. మధ్యలో గుంటలా చేసి, అంచులు పైకి మడిచి, ఒక్క గింజ కింద పడకుండా. ఇన్నేళ్ళయినా ఆ చేతులు మర్చిపోలేదు.

ముందు పిన్ని వంతు. ఆయన కుంచం ముంచి ఎత్తి, చేత్తో తల కొట్టి చదును చేసి పోశాడు. "ఒకటి," అన్నాడు మైకులో వినబడేలా.

"మొదటిదాన్ని ఒకటి అనరు బాబుగారూ," అంది పిన్ని. "లాభం అనాలి. మీ తాతగారు ఎప్పుడూ ఒకటి అన్లేదు."

జనం నవ్వారు. ఆయనా నవ్వి, "లాభం, లాభం" అని రెండుసార్లు అన్నాడు. అమ్మ దగ్గరికొచ్చి మళ్ళీ ముంచి ఎత్తి తల కొట్టి అమ్మ కొంగులో పోస్తూ "లాభం" అన్నాడు. అతిథి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు విని అందరూ కొట్టారు. పంతులు గారు కళ్ళు తుడుచుకున్నారు. తాతల కళ్ళం మళ్ళీ చూశానని మైకులో అన్నారు. ఆ కళ్ళం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన మా ఊరు వచ్చేసరికి ధాన్యం కూలి ఆగిపోయింది.

నలుగురికీ కొలవడం అయింది. అప్పుడు వీడియో అబ్బాయి అన్నాడు. "మామ్మలూ, వడ్లు పట్టా మీద పోసెయ్యండి. అతిథి గారితో ఇంకోసారి తీయాలి."

ముగ్గురూ పోసేశారు. పిన్ని కూడా. అమ్మ అప్పటికే కొంగు మూటలా చుట్టి ముడి వేసేసింది.

"మామ్మా, మీరు కూడా."

"ఏమి బాబూ?"

"వడ్లు. వెనక్కి పోసెయ్యాలి."

"కొలిచి పోశాక కూలి వెనక్కి అడుగుతారా ఎవరన్నా?" అంది అమ్మ. గొంతు పెంచలేదు. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

ప్రెసిడెంటు గారు ఒక్క క్షణం అతిథి వైపు చూశాడు. ఆ తర్వాత మైకు అందుకున్నాడు. "చూశారా, మన పల్లె అమాయకత్వం ఇదీ. ఉంచుకో అమ్మా, ఉంచుకో. మా ఇంటికొచ్చినవాళ్ళు వట్టి చేతులతో ఎప్పుడూ వెళ్ళలేదు." మళ్ళీ చప్పట్లు. ఈసారి ఇంకా గట్టిగా. నాలుక మీద ఏదో చేదు పాకినట్టయింది. పక్కకి తిరిగి గోడ దగ్గర ఉమ్మేశాను. చూస్తే అది వాళ్ళ రోలు పక్కనే.

భోజనాలు లోపల టేబుళ్ళ మీద పెట్టారు. ఈ నలుగురికీ షెడ్డు దగ్గర బిర్యానీ పొట్లాలు ఇచ్చారు. అతిథి వెళ్ళేదాకా వేషం తీయొద్దని చెప్పడంతో ఆ బురద కాళ్ళతోనే తిన్నారు. ఈగలు ముందు కాళ్ళ మీదా, తర్వాత అన్నం మీదా వాలుతున్నాయి. అమ్మ తినలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముఖంలో వెలుగు ఉంది. ఆ కంపులో, ఆ చిరుగు చీరలో, అమ్మ ముఖం చాలా రోజుల తర్వాత అలా చూశాను. వచ్చినందుకు తిట్టాలనుకున్న మాటలన్నీ మింగేశాను.

అద్దె చీర తిరిగిచ్చేముందు వడ్లు నా సంచిలోకి మార్చుకున్నాం. ఇంటికి రాగానే అమ్మ కాళ్ళు కడుక్కుంది. బురద వదలడానికి కొబ్బరి పీచూ సబ్బూ కావాల్సి వచ్చింది. తర్వాత చాప వేసి, మధ్యలో పళ్ళెం పెట్టి, సోలా గిద్దె తెచ్చి నా ముందు పెట్టింది.

"నీ లెక్క ఎంతన్నావు?"

"పెద్దదైతే పదిహేడు సోలలు."

"కొలువు."

కొలిచాను. "లాభం," అంది అమ్మ మొదటి సోలకి. తర్వాత నేను లెక్కపెట్టాను. పదకొండు, పన్నెండు, పదమూడు. సంచిలో ఇంక మిగిలింది చూసి నా చెయ్యి ఆగింది. సంచి తిరగేసి దులిపాను. రెండు గిద్దెలు వచ్చాయి.

"పదమూడున్నర," అన్నాను.

అమ్మ సోల తీసుకుని తనే మొదటి నుంచీ కొలిచింది. నాకన్నా మెల్లగా, ప్రతి సోలా అరచేత్తో తల కొట్టి. పదమూడున్నరే వచ్చింది. దారిలో పడిపోయాయేమోనని గుమ్మం దాకా వెళ్ళి చూసింది. ఒక్క గింజ లేదు.

"చిన్నదెంతన్నావు?"

"పద్నాలుగు."

"దానికన్నా తక్కువే," అంది. ముఖంలో వెలుగు ఆరిపోయింది. నా లెక్క ఎక్కడ తప్పిందో నాకు తెలియలేదు. రెండు కుంచాల కొలతలూ మళ్ళీ కట్టి చూసుకున్నాను. లెక్క సరిగ్గానే ఉంది.

పొద్దున్నే అమ్మ తన పసుపు చీర కట్టుకుని, వడ్ల మూట పట్టుకుని బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. పంతులు గారు అప్పుడే తలుపు తీసి, నిన్నటి ఎంగిలాకులు ఊడ్పిస్తున్నారు. చేప వాసనకి రాత్రి మిగిలిన బిర్యానీ పులుపు తోడైంది.

"ఏంటమ్మా పొద్దున్నే?"

"కొలత చూసుకుందామనండి."

అమ్మ పెద్ద కుంచం బల్ల మీద నుంచి కిందికి దింపింది. వడ్లన్నీ అందులో పోసి తల కొట్టింది. సరిగ్గా నిండింది, ఒక గింజ ఎక్కువా కాదు, తక్కువా కాదు. తర్వాత వడ్లు మళ్ళీ మూటలోకి ఒంపి, లోపలికి చెయ్యి పెట్టి అడుగు ముట్టుకుంది. రెండో చెయ్యి బయట నుంచి అడుగు దగ్గర పెట్టింది. రెండు చేతులకీ మధ్య అంగుళంన్నర తేడా ఉంది. నాకు అప్పుడు అర్థమైంది. ముందే అర్థం కావాల్సింది.

"అడుగు తుప్పు పట్టి రాలిపోతుంటే వెల్డింగు చేయించామమ్మా," అన్నారు పంతులు గారు. "కింద ఇనుము అతుక్కోదన్నాడు. అందుకని కాస్త పైకి, గట్టిగా ఉన్న చోట కొత్త రేకు వేశాడు. బయటికేం కనబడదు, రంగు కూడా వేశాం. ఎందుకు?"

"మా చేతికి ఇవ్వాల్సొచ్చేసరికి దీని అడుగు కూడా పైకొచ్చేసిందండి," అంది అమ్మ.

ఆయనకి అర్థం కాలేదు. నేను చెప్పబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. మూట విప్పి వడ్లు మళ్ళీ కుంచంలో పోసింది. దాన్ని బల్ల మీద మొదట ఉన్న చోటనే పెట్టింది.

"తీసుకెళ్ళమ్మా, నీకిచ్చినవే కదా," అన్నారు ఆయన.

"ఆ కొలతవి నాకొద్దండి."

బయటికొచ్చాక అమ్మ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. దారిలో కూరగాయల బండి ఆపి వంకాయలు బేరమాడింది. నేనే ఊరుకోలేక ప్రెసిడెంటు గారికి ఫోన్ చేసి, రేకు సంగతి చెప్పి, కనీసం ఇప్పుడైనా చీటీ మార్చమన్నాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. "వీడియో చూశావా అమ్మా? మీ అమ్మగారు వడ్లు ఇవ్వనన్న చోట అందరూ పడీపడీ నవ్వుతున్నారు. ఇప్పటికే ఊరి గ్రూపుల్లో తిరుగుతోంది. సంక్షేమ హాస్టలు పిల్లలు వచ్చేవారం వస్తున్నారు, ఇంకోసారి వేయమని అడగరాదూ?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

వానలు పడ్డాక కొట్టు పని మీద పామిడిముక్కల వైపు వెళ్ళి, అటు నుంచి అమ్మని చూడ్డానికి వెళ్ళాను. వెళ్తూ మ్యూజియం దగ్గర దిగాను. ఎందుకు దిగానో చెప్పలేను. గోడ మీద అమ్మ ఫోటో ఉంది, నిలువెత్తు ఫ్లెక్సీ. చిరుగు చీర, బురద కాళ్ళు, సాచిన కొంగు. పేరు లేదు. 'ఆనాటి శ్రమ సౌందర్యం' అని ఉంది.

కుంచాలని అద్దాల పెట్టెలోకి మార్చారు. పెద్దదాంట్లో అమ్మ పోసిన వడ్లు అలాగే ఉన్నాయి. ప్రదర్శనలో భాగమనుకుని ఎవరూ తీయలేదు. పైన బూజు అల్లుకుంది. వడ్ల నిండా పురుగులు, నల్లటివి, పాకుతూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ. పెట్టె అడుగు చెక్క కొరికి ఎలుక లోపలికి దారి చేసుకుంది. గింజల మధ్య దాని పెంటికలు, జీలకర్రలా. అద్దానికి లోపలి వైపు ఊక పొడి అతుక్కుంది. ముందు కొత్త చీటీ పెట్టారు. అందమైన అక్షరాలు, పంతులు గారివే. 'స్వాతంత్ర్యానికి పూర్వం నాటి దేశవాళీ వడ్లు. దాత: ప్రెసిడెంటు గారి కుటుంబం.'

పంతులు గారు నా వెనకే నిలబడి ఉన్నారు. "పిల్లలు దీని దగ్గరే ఎక్కువసేపు నిలబడుతున్నారమ్మా," అన్నారు.

ఇంటికెళ్ళి చేతులు కడుక్కున్నాను, ఏమీ ముట్టుకోకపోయినా. అమ్మ తువ్వాలు అందించింది. చెప్పకూడదనుకుంటూనే చెప్పాను.

"నీ వడ్లు ఇంకా అక్కడే ఉన్నాయమ్మా. పురుగు పట్టింది. ఎలుక తింటోంది."

"ఎంత తిన్నది?"

నేను ఆలోచించి చెప్పాను. "నాలుగు సోలలు తిని ఉంటుంది."

"పర్లేదు," అంది అమ్మ. "మిగతాది కూడా దాన్నే తిననీ. వాళ్ళు వెనక్కి అడగరు కదా దాన్ని." లోపలికి వెళ్ళి నాకు అన్నం పెట్టడానికి బియ్యం తీసింది. సోలతోనే కొలిచింది. మొదటి సోలకి లాభం అనలేదు.